రాత్రికి అరవై రాండ్లు

తెనాలి,
16 ఫిబ్రవరి 1997.

శశికాంత్ గారికి,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారో మీ బావగారు విడిగా రాసి అడుగుతారు, నేను అడగను. ఇది అక్క తమ్ముడికి రాసే ఉత్తరం కాదు, ప్రయాణం లెక్కల కోసం రాసేది. అలాగే చదవండి.

మే నెలాఖరుకి మా పెళ్లయి ఇరవై ఐదేళ్లు నిండుతాయి. ఆ పేరు చెప్పి పది రోజులు సైకిళ్ల మీద తిరిగి రావాలనుకున్నాం. నేను కన్యాకుమారి అన్నాను. మీ బావగారు టెలిఫోన్ ఆఫీసులో ఎవరి దగ్గరో అట్లాసు అడిగి తెచ్చి, దక్షిణాఫ్రికాలో నాటాల్ అన్నారు. జూన్‌లో అక్కడ చలికాలమట, వానలుండవట, సముద్రం పక్కనే రోడ్డట. ఇంత భూగోళంలో చల్లటి రోడ్డు సరిగ్గా మీరున్న చోటే దొరికిందా అని అడిగితే నవ్వుతూ కళ్లజోడు తుడుచుకున్నారు. ఆయన ఎత్తులు నాకు కొత్త కాదు.

ఒప్పుకున్నాను, కానీ షరతు మీద. నా పెళ్లయిన ఏడాదే అమ్మ పోతే, తొమ్మిదేళ్ల మిమ్మల్ని నా వెంట తెచ్చుకున్నాను. డ్రిల్లు టీచరు జీతంతో ఇంజనీరింగు చదివించాను. అలాంటి నాకు, మీ పెళ్లయిన పదిహేను రోజులకి ఒక ఫొటో వచ్చింది. పిలుపు లేదు, ముందు ఒక్క మాట లేదు. పిలవని వాళ్ల గడప తొక్కనని ఆ కవరు విప్పిన రోజే చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను. కాబట్టి ఒక్క రాత్రి కూడా మీ ఇంట్లో ఉండం, ఒక్క పూట కూడా తినం. విమానాశ్రయానికి రావద్దు. ప్రతి రాత్రీ డబ్బు కట్టి పడుకునే బస కావాలి. ఎవరి దయా నాకక్కర్లేదు.

డర్బన్ నుంచి ఎంపాంగెనీ అనే ఊరిదాకా పోను రాను ఎంత దూరమో, సైకిళ్లు అద్దెకి దొరుకుతాయో లేదో, బసకి రాత్రికి ఎంతవుతుందో తెలియజెయ్యండి. విమానం టిక్కెట్లు పోను మా దగ్గర పద్దెనిమిది వేల రూపాయలుంటాయి. అది దాటితే కన్యాకుమారే.

ఇట్లు,
సరోజిని,
వ్యాయామోపాధ్యాయిని


మెరీబ్యాంక్, డర్బన్,
11 మార్చి 1997.

అక్కకి నమస్కారం. నువ్వు నన్ను గారూ మీరూ అన్నా నేను మాత్రం అక్కా అనే రాస్తాను. లెక్కల ఉత్తరంలో అలా రాయకూడదంటే ఆ ముక్క కొట్టేసి చదువుకో.

పోను నూట డెబ్భై కిలోమీటర్లు, రాను నూట డెబ్భై. కొత్త పెద్ద రోడ్డు మీద సైకిళ్లు పోనివ్వరు. చెరకు తోటల మధ్య పాత రోడ్డుంది, దాని మీద రండి. జూన్ అంటే చెరకు నరికే కాలం కాబట్టి లారీలు ఎక్కువ. తోటలు తగలబెట్టినప్పుడు నల్లటి నుసి ఎగిరొచ్చి మీద పడుతుంది, తెల్ల బట్టలు తేవద్దు. బావగారికి కూడా చెప్పు, ఆ తెల్ల లాల్చీలు ఇక్కడ పనికిరావు. పేపర్లలో నువ్వు చదివి ఉండే గొడవలు చాలావరకు తొంభై నాలుగు ఎన్నికలకి ముందువి. ఇప్పుడు సద్దుమణిగింది. చీకటి పడేలోగా బసకి చేరుకుంటే చాలు.

సైకిళ్లు అద్దెకి దొరుకుతాయి, రెండింటికీ కలిపి రెండు వందల రాండ్లు. రాండ్ అంటే మన ఎనిమిది రూపాయలు. హోటళ్లు మాత్రం ఖరీదు, రాత్రికి రెండు వందలకి తక్కువ లేవు. అయితే ఆ దారిలో ఇళ్లలాంటి చిన్న లాడ్జీలున్నాయి. టొంగాట్‌లో ఆడ్రీ గారిది, డార్నాల్‌లో లోగన్ గారిది, ఎంపాంగెనీలో సెసిల్ గారిది, తిరుగుదారిలో స్టాంగర్‌లో మేవిస్ గారిది. మేవిస్ గారికి ఎనభై దాటాయి కానీ మనిషి గట్టిది. ఎక్కడైనా ఇద్దరికీ కలిపి రాత్రికి అరవై రాండ్లే, రెండు పూటలా భోజనం అందులోనే. ఒక్క మతుంజీనిలో మాత్రం మనకి ఎవరూ లేరు, అంటే లాడ్జీ లేదు. అక్కడ పోను ఒక రాత్రి, రాను ఒక రాత్రి హోటలు తప్పదు.

ఆడ్రీ గారు నీకు బెండకాయ పడుతుందా అని అడిగారు. జాకెట్టు కొలత కూడా కావాలన్నారు.

నువ్వు అడగలేదు గానీ ఐరీన్ బాగుంది. ఇక్కడి లైబ్రరీలో పనిచేస్తోంది. వాళ్ల ముత్తాతలు విశాఖపట్నం జిల్లా నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు. తనకి తెలుగులో పది మాటలొస్తే అందులో ఆరు తిట్లు. నీ ఫొటో చూసి నిన్ను చూస్తే భయమేస్తుందంది. నాకూ అంతే అన్నాను.

నీ తమ్ముడు,
శశి


తెనాలి,
5 ఏప్రిల్ 1997.

శశికాంత్ గారికి,

మీ ఉత్తరం మూడు వారాలకి చేరింది. దాన్ని నాలుగుసార్లు చదివాను. చదివిన కొద్దీ అర్థం కావడం తగ్గిపోతోంది.

హోటల్లో వట్టి మంచానికి రెండు వందలు, లాడ్జీలో మంచం, రెండు పూటల తిండి కలిపి అరవై. ఏ వ్యాపారస్తుడు ఇలా నడుపుతాడు? పైగా నాలుగూళ్లలో నలుగురు వేరు వేరు మనుషులు పెట్టుకున్న లాడ్జీలకి ఒకటే ధర ఎలా కుదిరింది? ఎనభై దాటిన ఆవిడ లాడ్జీ నడపడమేమిటి? లాడ్జీ ఆవిడకి నా జాకెట్టు కొలతతో పనేమిటి? నేను ముప్ఫై ఆరు అని రాస్తే పక్క దుప్పటి దాని ప్రకారం వేస్తుందా? ఈ ఇళ్లు మంచివేనా కాదా అని సందేహం వచ్చి మీ బావగారితో అంటే ఆయన దగ్గుతూ పెరట్లోకి వెళ్లారు.

అయినా డబ్బు మాట చూసుకుంటే బాగానే కుదిరింది. లాడ్జీల్లో ఆరు రాత్రులు మూడు వందల అరవై, మతుంజీని హోటల్లో రెండు రాత్రులు నాలుగు వందలు, డర్బన్‌లో దిగిన రోజుకి ఒకటి, వెళ్లే ముందు ఒకటి, వాటికి నాలుగు వందలు. సైకిళ్లకి రెండు వందలు. మొత్తం పదమూడు వందల అరవై రాండ్లు, అంటే పదివేల ఎనిమిది వందల ఎనభై రూపాయలు. దారి తిండికి, పంక్చర్లకి ఏడు వేలు మిగిలాయి. టిక్కెట్లు కొన్నాం. మే ఇరవై నాలుగున ఇక్కడ బయల్దేరతాం.

ప్రతి లాడ్జీలోనూ రసీదు కావాలి. రసీదు లేని చోట పడుకోను. ఈ సంగతి వాళ్లకి ముందే చెప్పండి. కొలత ముప్ఫై ఆరే. బెండకాయ మీ బావగారికి పడదు.

ఇట్లు,
సరోజిని


మెరీబ్యాంక్,
9 మే 1997.

అక్కా,

నీ ఉత్తరం మొన్ననే అందింది. ఇంక దాచడం నా వల్ల కాదు. రసీదు మాట వినగానే ఆడ్రీ అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది, రసీదు పుస్తకం ఎక్కడ కొనాలో తెలియక.

అవి లాడ్జీలు కావు. ఆడ్రీ ఐరీన్‌కి మేనత్త, లోగన్ చిన్నాన్న, సెసిల్ మేనమామ. మేవిస్ వాళ్ల నాయనమ్మ. అరవై అనే అంకె నేను కల్పించింది. హోటళ్ల ధర రాస్తే నువ్వు కన్యాకుమారి వెళ్లిపోతావని, చుట్టాల ఇళ్లంటే అసలే రావని అలా చేశాను. డబ్బిస్తే మాట్లాడకుండా తీసుకోమని ఒక్కొక్కళ్లని బతిమాలాను. వాళ్లకి ఇది ఏమీ నచ్చలేదు. అబ్బాయి అక్క దగ్గర డబ్బు తీసుకోవడమేమిటని లోగన్ చిన్నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. నువ్వు ఈ గడపైనా తొక్కుతావన్న ఆశతో చివరికి ఒప్పుకున్నారు.

పెళ్లప్పుడు నీకు ముందుగా రాయలేకపోయాను. నువ్వు వద్దంటావని భయం. వద్దంటే ఆగిపోతానని ఇంకా భయం. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గరేమీ లేదు.

నీకిష్టం లేకపోతే ఈ ఉత్తరం చూడగానే ఫోన్ చెయ్యి. ఎలాగోలా హోటళ్లు చూస్తాను. నువ్వు ఫోన్ చెయ్యకపోతే సరేనన్నావని అనుకుంటాను.

శశి


డార్నాల్,
30 మే 1997, శుక్రవారం పొద్దున్న.

శశికాంత్ గారికి,

మార్చి తర్వాత మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. రసీదుల మాట వాళ్లకి చెప్పారో లేదో కూడా తెలియకుండానే బయల్దేరాం. నాలుగో తారీఖుకి స్టాంగర్ చేరతాం, జవాబు అక్కడి పోస్టాఫీసుకి రాయండి. జవాబు చెప్పుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి.

రోడ్డు బాగుంది. మొదటి రోజు నలభై కిలోమీటర్లు, రెండో రోజు యాభై. ఎత్తుపల్లాలు ఎక్కువే అయినా నాకేమీ కాలేదు. మీ బావగారు ప్రతి ఎత్తు దగ్గరా దిగి చెరకు తోటలు చూస్తున్నట్టు నటిస్తున్నారు. లారీ వాళ్లు మర్యాదస్థులు. నుసి గురించి మీరు రాసింది నిజమే, నా జుట్టంతా నల్లబడి పదేళ్లు తగ్గిందని మీ బావగారన్నారు.

ఇక బసల సంగతి. ఆడ్రీ గారి లాడ్జీకి బోర్డు లేదు. అది మామూలు ఇల్లు. వేరే గదులు లేవు, ఆమె పడుకునే మంచమే మాకిచ్చింది. నేను అరవై రాండ్లు చేతిలో పెడితే నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు తీసుకుంది. రసీదు అడిగితే లోపలికి వెళ్లి, చర్చిలో పాటల కాగితం వెనకవైపు, అరవై రాండ్లు ముట్టినవి, దేవుడు మిమ్మల్ని దీవించుగాక, అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టింది. ఇలాంటి రసీదు నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్కన ఆమె కట్టిచ్చిన పులిహోర విప్పితే కింద నా కొలతకి కుట్టిన జాకెట్టు ఉంది. దాని మడతలో డబ్బుంది. లెక్కపెడితే నూట పదహారు రాండ్లు. పొరపాటున పెట్టిందేమో, పాపం వెతుక్కుంటుందేమో అని వెనక్కి వెళ్దామన్నాను. మీ బావగారు ముందుకే తొక్కారు. ఇవాళ పొద్దున్న ఇక్కడ లోగన్ గారింట్లో పంక్చర్ల సంచి తెరిస్తే అందులో ఇంకో నూట పదహారు. రెండు రాత్రుల బసకి మేం కట్టింది నూట ఇరవై. తిరిగి వచ్చింది రెండు వందల ముప్ఫై రెండు. ఈ దేశంలో పడుకున్నందుకు నాకు నూట పన్నెండు రాండ్లు లాభం వచ్చింది. ఇది ఏ పద్దులో రాసుకోవాలి?

నూట పదహార్ల సంగతి ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మీరే ముందుగా వచ్చి వాళ్ల చేతికి డబ్బిచ్చి పెట్టించారు. దయ వద్దని రాశానా లేదా? ఈ డబ్బు ఖర్చుపెట్టకుండా కవర్లో ఉంచాను, మీకే పంపేస్తాను. మనుషులు మాత్రం చాలా మంచివాళ్లు, అది వేరే సంగతి. లోగన్ గారి భార్య రోజ్ నా కాళ్లకి నూనె రాస్తానని పట్టుబట్టింది. లాడ్జీలో కాళ్లకి నూనె ఎవరు రాస్తారో నాకు చెప్పండి.

సరోజిని


మెరీబ్యాంక్,
2 జూన్ 1997.

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకేమీ పాలుపోలేదు. నువ్వు ఫోన్ చెయ్యలేదు కాబట్టి నా మే నెల ఉత్తరం అంది, సరేనన్నావనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అన్నీ తెలిసే ఆడ్రీ అత్త మంచం మీద పడుకున్నావని, తెలిసే వాళ్ల చేతి అన్నం తిన్నావని సంతోషపడ్డాను. ఐరీన్‌కి కూడా అలాగే చెప్పాను, తను ఆ రోజు ఏడ్చింది. ఇప్పుడు నీ ఉత్తరం చూస్తే నీకు తెలుసో తెలియదో అర్థం కావడం లేదు. తెలిసీ నన్ను ఆటపట్టిస్తున్నావా? అదైతే ఎంత బాగుండునో.

ఆ నూట పదహార్లు నేను పెట్టించలేదు. అమ్మ మీద ఒట్టు. నేను ఎవరికీ ఒక్క సెంటు ఇవ్వలేదు. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకూ తెలియదు. ఐరీన్‌ని అడిగితే పెద్దవాళ్ల విషయం అంటోంది.

మేవిస్ నాయనమ్మ దగ్గర జాగ్రత్త. ఆవిడకి నటించడం రాదు.

శశి


స్టాంగర్,
5 జూన్ 1997, గురువారం.

ఒరేయ్ శశీ,

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం ఇక్కడి పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని చదివాను. తెలిసీ తెలిసీ అని రాశావు, ఏం తెలిసో రాయలేదు. మే నెల ఉత్తరం తెనాలిలో మన గుమ్మం కింద పడి ఉంటుంది. దాన్లో ఏం రాశావో ఇప్పుడు నాకు నీకంటే బాగా తెలుసు.

ఎంపాంగెనీలో సెసిల్ గారు కూడా మూడు రాత్రులకి నూట ఎనభై తీసుకుని, వచ్చేటప్పుడు సైకిలు సీటు కింద నూట పదహారు కట్టాడు. మతుంజీని హోటల్లో పోను ఒకటి, రాను ఒకటి, రెండు రాత్రులకి నాలుగు వందల నలభై కట్టాం. అక్కడ మాత్రం ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు. అది ఒక్కటే నిజమైన బస అని నాకప్పుడే అనుమానం వచ్చింది.

మేవిస్ గారి ఇంటికి నిన్న సాయంత్రం చేరాం. ముసలావిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను సైకిలు దిగి, లాడ్జీ ఇదేనా అని ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, మన భాషలో మాట్లాడింది. ఎంత పాత తెలుగో. అమ్మమ్మ పోయాక అలాంటి మాట నా చెవిన పడలేదు.

"లాడ్జి ఏంటి? ఐరీను మొగుడికి అక్కవి నువ్వు. మా ఆడబిడ్డవి. కూకో. బువ్వ తిను."

అరవై రాండ్లు నా చేతిలోనే ఉన్నాయి. అప్పటికి నాకు సగం తెలిసింది. కోపం వచ్చింది, నీ మీద. ఆ మంచాలన్నీ, ఆ నూనె, ఆ పులిహోర, అన్నీ నేను వద్దన్న చుట్టరికమే. సైకిలు తిప్పుకుని హోటలుకి పోదామని మీ బావగారితో అంటుండగా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెల్లగా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అడిగింది.

"పెళ్లికి పిల్సినారు. రాలే నువ్వు. మేం క్రిస్టియన్ అని రాలేదా అమ్మా?"

నాకేమీ అర్థం కాలేదు. పక్కనే లోగన్ ఉన్నాడు, డార్నాల్ నుంచి తల్లిని చూడ్డానికి వచ్చి. మిగతాది అతను ఇంగ్లీషులో చెప్పాడు. నువ్వు వాళ్లతో ఏం చెప్పావో అంతా చెప్పాడు. అక్కకి కార్డు పంపాను, సెలవు దొరకలేదట, రాలేదు అన్నావట. వాళ్ల చర్చిలో ముందు వరసలో అబ్బాయి అక్క కోసం కుర్చీ వేశారట. పెళ్లయ్యేదాకా మేవిస్ గారు దాంట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదట. ఆ పూట ఆడబిడ్డ చేతిలో పెట్టాలని ఇంటింటా తీసిపెట్టిన నూట పదహార్లు తొమ్మిది నెలలుగా అలాగే ఉన్నాయి. వాళ్ల తాతలనాటి లెక్క అది, ఎందుకు పదహారో వాళ్లకే తెలియదు. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనని నువ్వు చెప్పి ఉంటావు, అందుకని చేతికివ్వకుండా మా సామాన్లలో దాచిపెట్టారు.

అంటే ఈ తొమ్మిది నెలలు వాళ్ల లెక్కలో నేను పిలిస్తే రాని మనిషిని. వాళ్ల పిల్లని చిన్నచూపు చూసిన ఆడబిడ్డని. అయినా తమ మంచాలు నాకిచ్చి కింద పడుకున్నారు. నువ్వు ఆ క్షణాన ఎదురుగా ఉంటే చెంప పగిలేది, నీకు ముప్ఫై నాలుగేళ్లయినా సరే.

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. నన్నెవరూ పిలవలేదమ్మా, మీ అల్లుడు మీతోనూ నాతోనూ అబద్ధమాడాడు అని చెబితే నా మీద పడ్డ మాట పోతుంది. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, జవాబు కోసం. ఈ మాట చెప్పాక రేపు నువ్వు వీళ్లలో ఎలా తిరుగుతావు, ఆ పిల్ల వీళ్లకి ఏం జవాబు చెప్పుకుంటుంది అనిపించింది. ఎంత కోపంలోనూ అదే అనిపించింది, ఏం చెయ్యను.

"పిలిచాడమ్మా," అన్నాను. "కార్డు అందింది. నేనే రాలేదు. తప్పు నాదే."

అంత పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు. మీ బావగారు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. మేవిస్ గారు లోపలికి వెళ్లి తన నూట పదహారు తెచ్చి దాచకుండా నా చేతిలోనే పెట్టింది. తీసుకున్నాను. ఆవిడకి అరవై రాండ్లు ఇవ్వలేదు.

ఈ ఉత్తరం లోగన్ చేతికిస్తున్నాను, రేపు పని మీద డర్బన్ వస్తున్నాడట. శుక్రవారం రాత్రి టొంగాట్‌లో ఆడ్రీ దగ్గర పడుకుంటాం. డర్బన్ హోటలు రద్దు చెయ్యి. పిలవని వాళ్ల గడప తొక్కనన్నాను గానీ, నువ్వు పిలిచావని ఇంతమంది ముందు నేనే ఒప్పుకున్నాను. ఇంక రాకుండా ఉండటానికి నా దగ్గర సాకు లేదు. శనివారం మధ్యాహ్నానికి వస్తాం. నలుగురికి వండమను. నిన్ను తిట్టవలసినవి చాలా ఉన్నాయి, అవి ఐరీన్ లేనప్పుడు.

అక్క